ఫారోల నవలలు చదవడం ఎలా: శాసనం ఆగిన చోట మొదలయ్యే కథలు

ప్రాచీన ఈజిప్టు రాజకుటుంబాల మీద వచ్చిన చారిత్రక నవల చేతికి తీసుకుంటే మొదటి యాభై పేజీల్లోనే చాలామంది ఆగిపోతారు. పేర్లకు నోరు తిరగదు. తాతకూ మనవడికీ ఒకే పేరు. ఇవి కాస్త ఓపిక పడితే తీరిపోయే ఇబ్బందులే. వీటికన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ఏది నిజంగా జరిగింది, ఏది రచయిత అల్లింది అన్నది తెలియకుండానే పుస్తకం అయిపోతుంది. ఆ తర్వాత నవలలోని కల్పనే చరిత్రగా మనసులో పాతుకుపోతుంది.

ఈ నవలల అసలు రుచి ఆ చిక్కులోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఈజిప్టు రాజుల గురించి శాసనాలు చాలా చెబుతాయి, ఉన్నట్టుండి మౌనం వహిస్తాయి. ఆ మౌనం ఎక్కడ మొదలైందో తెలిసిన పాఠకుడికి రచయిత ప్రతిభ ఎంతో, తెగువ ఎంతో, ఎక్కడ మోసం చేశాడో స్పష్టంగా కనిపిస్తుంది. అందుకు ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందుగా ఒక్క రాజ్యకాలాన్ని ఎంచుకోండి

ఫారోల చరిత్ర దాదాపు 3,000 ఏళ్లు. ఖుఫు గిజాలో మహా పిరమిడ్ కట్టించింది క్రీ.పూ. 2560 ప్రాంతంలో. క్లియోపాత్రా మరణించింది క్రీ.పూ. 30లో. కాలంలో ఆమెకు ఆ పిరమిడ్ కన్నా మనమే దగ్గర. కాబట్టి ‘ఈజిప్టు నవల’ అని ఒకే మూటలో కట్టేస్తే ఏదీ అర్థం కాదు.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో మనేథో అనే ఈజిప్టు పూజారి గ్రీకు భాషలో తన దేశ చరిత్ర రాస్తూ రాజులను వంశాలుగా విడగొట్టాడు. ఇప్పటికీ పండితులు వాడేది ఆ లెక్కే. పాఠకులకు పెద్ద విభాగాలు గుర్తుంటే చాలు. పిరమిడ్ల కాలమైన పాత రాజ్యం సుమారు క్రీ.పూ. 2686 నుంచి 2181 వరకు, మధ్య రాజ్యం 2055 నుంచి 1650 వరకు, కొత్త రాజ్యం 1550 నుంచి 1069 వరకు. చివరగా గ్రీకు మూలాలున్న టోలెమీల పాలన 305 నుంచి 30 వరకు. నవలల్లో ఎక్కువ భాగం కొత్త రాజ్యం చుట్టూ, అందులోనూ 18, 19 వంశాల చుట్టూ తిరుగుతాయి. ఆధారాలు, అంతుచిక్కని ప్రశ్నలు రెండూ అక్కడే దండిగా ఉన్నాయి మరి.

మొదటిసారి చదివేవారికి నా సలహా మహిళా ఫారో హత్‌షెప్సుత్. కుటుంబం చిన్నది, గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లు తక్కువ. రుద్రమదేవి శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపించినట్టే ఈమె శిల్పాల్లో రాజుల కట్టుడు గడ్డంతో, రాజ బిరుదులతో కనిపిస్తుంది. ఆ తర్వాత అఖెనాతెన్, తూతన్‌ఖామున్‌ల కాలానికి వెళ్లండి. రెండో రామ్సెస్‌తో మాత్రం మొదలుపెట్టకండి. ఆయన 66 ఏళ్లు ఏలాడు, సంతానం లెక్కకు మిక్కిలి. చాలామంది వారసులు ఆయన కళ్లముందే పోగా చివరికి పదమూడో కొడుకు మెర్నెప్తాకు సింహాసనం దక్కింది. అంతమంది మనుషులను మొదటి పుస్తకంలోనే మోయడం కష్టం.

రెండు పుస్తకాల్లో ఒకే రాజుకు వేర్వేరు సంవత్సరాలు కనిపిస్తే కంగారుపడవద్దు. ఈజిప్షియన్లు ‘ఫలానా రాజు ఏలుబడిలో ఫలానా ఏడు’ అని లెక్క పెట్టేవారు. కొత్త రాజు రాగానే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. వాటిని మన క్యాలెండరులోకి మార్చేటప్పుడు పదీ ఇరవై ఏళ్ల తేడాలు రావడం మామూలే. అది రచయిత తప్పు కాదు.

పుస్తకం ఎప్పుడు రాశారో చూడండి

కథలోకి వెళ్లకముందే ప్రచురణ సంవత్సరం చూసే అలవాటు చేసుకోండి. చాలామంది వదిలేసే ఈ పని వల్ల ఎంతో మేలు ఉంది.

తూతన్‌ఖామున్ విషయమే చూడండి. హోవర్డ్ కార్టర్ బృందం అతని సమాధి మెట్లను 1922 నవంబర్ 4న కనుగొంది. 1968లో మమ్మీకి ఎక్స్‌రే తీసినప్పుడు పుర్రెలో ఒక ఎముక ముక్క కనిపించింది. తల మీద కొట్టి చంపారన్న ఊహ అక్కడి నుంచి బలపడింది. ముసలి మంత్రి ఆయ్, సేనాని హోరెమ్‌హెబ్ అనుమానితులయ్యారు. తూతన్‌ఖామున్ తర్వాత వరుసగా గద్దెనెక్కింది వాళ్లిద్దరే కాబట్టి కథ చక్కగా అతుక్కుంది. 2005లో సీటీ స్కాన్ చేశాక ఆ దెబ్బ వాదానికి ఆధారం లేదని తేలింది. ఎడమ మోకాలికి పైన ఎముక విరిగిన ఆనవాలు దొరికింది. 2010లో వెలువడిన డీఎన్‌ఏ అధ్యయనం మలేరియా జాడలను, అతని తల్లిదండ్రులు స్వయానా అన్నాచెల్లెళ్లన్న సంగతిని బయటపెట్టింది. 1990లలో రాసిన నవలలో తల మీద దెబ్బ ఉంటే ఆ రచయిత తన కాలపు విజ్ఞానాన్ని నమ్మాడు. నిన్న మొన్న రాసిన నవలలోనూ అదే ఉంటే, తెలిసే రాశాడా తెలియక రాశాడా అని నిలదీసి అడగవచ్చు.

దీనికి సరిగ్గా తలకిందులైన ఉదాహరణ మూడో రామ్సెస్. అంతఃపురంలో కుట్ర జరిగిందనీ, తియె అనే రాణి తన కొడుకు పెంతావెరెను రాజును చేయాలని చూసిందనీ, విచారణ జరిపి శిక్షలు వేశారనీ ట్యూరిన్ నగరంలో ఉన్న ఒక పాపిరస్ (రెల్లు కాగితపు చుట్ట) చెబుతుంది. నిందితుల్లో కొందరి పేర్లను కావాలనే వికృతంగా మార్చి రాశారు. ఒకడి పేరు ‘రా దేవుడు ద్వేషించేవాడు’ అని ఉంది. విచారించాల్సిన న్యాయాధికారుల్లో కొందరు నిందితురాళ్లతో కలిసి విందు చేసుకున్నందుకు ముక్కులూ చెవులూ కోయించుకున్నారు. ఇంత చెప్పిన పాపిరస్ రాజు కుట్రలోనే చనిపోయాడా, బతికి బయటపడ్డాడా అన్నది తేల్చదు. 2012లో వెలువడిన స్కాన్ ఫలితాల్లో మమ్మీ మెడ చుట్టిన బట్టల కింద గొంతు లోతుగా కోసి ఉన్నట్టు కనిపించింది. మూడు వేల ఏళ్లు తెరుచుకుని ఉన్న ప్రశ్న అలా మూసుకుపోయింది. అంతకుముందు రాసిన రచయితకు అక్కడ స్వేచ్ఛ ఉండేది. ఇప్పుడు రాసేవారికి లేదు.

పేర్ల పట్టిక, వంశవృక్షం మీరే రాసుకోండి

చాలా నవలల మొదట్లో వంశవృక్షం ముద్రిస్తారు. దాన్ని చూసి వదిలేయకుండా ఒక కాగితం మీద తెలుగులో మీ చేత్తో రాసుకోండి. పుస్తకం ఇంగ్లీషుదైతే ఇది మరీ అవసరం. తెలుగు లిపిలో ఒకసారి రాసుకున్న పేరు ఆ తర్వాత కంటికి అడ్డు తగలదు.

ఒకే మనిషి రెండు మూడు పేర్లతో ఎందుకు కనిపిస్తాడో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఫారోకు పట్టాభిషేకంతో కలిపి ఐదు పేర్లు ఉండేవి. వాటిలో పుట్టినప్పటి పేరు, సింహాసన నామం అనే రెండింటిని కార్టూష్ అనే అండాకారపు గీత లోపల రాసేవారు. తూతన్‌ఖామున్ అన్నది పుట్టుకతో వచ్చిన పేరుకు మార్చిన రూపం. అతని సింహాసన నామం నెబ్‌ఖెపెరురె. విదేశీ రాజులు ఉత్తరాల్లో పిలిచింది సింహాసన నామంతోనే. పైగా మతం మారితే పేరు మారేది. నాలుగో అమెన్‌హోతెప్ ఆతెన్ అనే సూర్యబింబ దేవుడి ఆరాధన మొదలుపెట్టి అఖెనాతెన్ అయ్యాడు. తూతన్‌ఖాతెన్ పాత దేవుళ్ల వైపు తిరిగి తూతన్‌ఖామున్ అయ్యాడు. అతని రాణి అంఖెసెన్‌పాతెన్ అంఖెసెనామున్ అయింది. నవలలో పేరు మారిన పేజీ దగ్గర ఆగి చూడండి, రాజకీయం మారింది అక్కడే.

మరో సంగతి. ఈజిప్టు చిత్రలిపి హల్లులనే రాస్తుంది, అచ్చులను దాదాపు వదిలేస్తుంది. అందుకే ఒక రచయిత ఆమున్ అంటే మరొకరు ఆమెన్ అంటారు. గ్రీకు రూపాలు వాడేవారూ ఉన్నారు. ఖుఫును కియోప్స్ అనీ, అమెన్‌హోతెప్‌ను అమెనోఫిస్ అనీ రాస్తారు. ఊళ్లూ అంతే. థీబ్స్, వాసెత్ ఒకటే. పట్టికలో పక్కపక్కనే రాసుకుంటే సరిపోతుంది.

నైలు పటం పక్కన పెట్టుకోండి

నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. కాబట్టి ‘ఎగువ ఈజిప్టు’ పటంలో కింద ఉంటుంది, ‘దిగువ ఈజిప్టు’ పైన, సముద్రం వైపు ఉంటుంది. ఇది తెలియక ప్రయాణ ఘట్టాలన్నీ తలకిందులుగా ఊహించుకునేవారు చాలామంది. గాలి సాధారణంగా ఉత్తరం నుంచి వీస్తుంది. దక్షిణానికి వెళ్లే పడవ తెరచాప ఎత్తుతుంది, ఉత్తరానికి వెళ్లేది ప్రవాహంలో తెడ్లు వేస్తుంది. శ్రద్ధ ఉన్న రచయిత ఈ చిన్న విషయంలో పొరపడడు. వాళ్ల ఏడాదిలో వరద, విత్తు, కోత అని నాలుగేసి నెలల మూడు రుతువులు. వారానికి పది రోజులు. ఏడాది చివర ఐదు రోజులు అదనం.

మొదటిసారి ఆపకుండా చదవండి

మొదటిసారి కథ కోసమే చదవండి. ప్రతి పేరు దగ్గరా ఫోను తీసి వెతికితే నవల చచ్చిపోతుంది. సందేహం వచ్చిన చోట మార్జిన్‌లో పెన్సిలుతో చిన్న గీత గీసి ముందుకు వెళ్లండి. గ్రంథాలయ పుస్తకమైతే పేజీ నంబరు కాగితం మీద రాసుకోండి. రచయిత చివరిమాట రాసి ఉంటే దాన్ని కథ ముగిశాకే చదవండి. మంచి రచయితలు ఏది కల్పించారో అక్కడ నిజాయితీగా ఒప్పుకుంటారు. అలాంటి మాట ఒక్కటీ లేని నవలను నేను రెండింతల జాగ్రత్తతో చదువుతాను.

రెండోసారి గుర్తులు పెట్టుకుంటూ చదవండి

ఇప్పుడు ముఖ్యమైన ఘట్టాలకు తిరిగి వెళ్లండి. సమకాలీన ఆధారం ఉన్నదానికి ‘శా’ అని, పండితుల ఊహకు ‘ఊ’ అని, రచయిత కల్పనకు ‘క’ అని పక్కన రాయండి. పుస్తకమంతా చేయనక్కరలేదు. నాలుగైదు మలుపుల దగ్గర చేస్తే చాలు.

హత్‌షెప్సుత్ కథకు ఇలా పెట్టి చూద్దాం. ఆమె మొదటి తుత్‌మోసె కూతురు, రెండో తుత్‌మోసె పట్టపురాణి. భర్త పోయాక పసివాడైన సవతి కొడుకు మూడో తుత్‌మోసె పేరు మీద పాలన సాగించి, కొన్నేళ్లకు తానే ఫారోగా ప్రకటించుకుంది. ఇదంతా ‘శా’. పుంత్ దేశానికి నౌకలు పంపి సాంబ్రాణి జాతి చెట్లను వేళ్లతో సహా తెప్పించింది. అదీ ‘శా’. దెయిర్ ఎల్ బహ్రీ ఆలయం గోడల మీద ఆ యాత్ర అంతా చెక్కి ఉంది. బుట్టల్లో నాటిన చెట్లను కావడి కట్టి మోస్తున్న మనుషులు, నీటిలో చేపలు, స్థూలకాయంతో నిలబడ్డ పుంత్ దొర భార్య, అన్నీ చూడవచ్చు. ఆమె కూతురు నెఫెరురెకు సంరక్షకుడైన సెనెన్‌ముత్ అనే అధికారి అసాధారణంగా ఎదిగాడు. అతను ఆ రాకుమార్తెను ఒడిలో పొదువుకున్న విగ్రహాలు ఉన్నాయి. మరి అతను రాణికి ప్రియుడా? నవలలన్నీ దాదాపు అవునంటాయి. నికరమైన ఆధారం ఒక్కటీ లేదు. పెన్సిలు తీసి ‘క’ అని రాయండి.

తర్వాత అసలు మలుపు వస్తుంది. ఆమె చనిపోయాక ఆమె బొమ్మలను చెక్కేశారు, పేర్లను తుడిచేశారు, విగ్రహాలను పగలగొట్టి పూడ్చేశారు. అణచివేతకు గురైన సవతి కొడుకు కసి తీర్చుకున్నాడని పాత నవలలు కథ అల్లాయి. కానీ ఆ విధ్వంసం ఆమె మరణించిన వెంటనే జరగలేదు. సుమారు ఇరవై ఏళ్ల తర్వాత, మూడో తుత్‌మోసె ఏలుబడి చివరి దశలో మొదలైంది. పైగా ఆమెను రాజుగా చూపిన బొమ్మలనే ఎక్కువగా చెక్కేశారు. రాణిగా చూపినవాటిని చాలాచోట్ల వదిలేశారు. కసి అయితే ఇరవై ఏళ్లు ఆగుతుందా? తన కొడుకు రెండో అమెన్‌హోతెప్‌కు వారసత్వం చిక్కులేకుండా దక్కాలన్న లెక్కే దీని వెనుక ఉందని చాలామంది పండితులు భావిస్తారు. ఇది ‘ఊ’. మీ నవల ఈ ఇరవై ఏళ్ల ఆలస్యాన్ని ఎలా దాటిందో చూడండి. రచయిత దాన్ని పట్టించుకుని కథలో భాగం చేసుకుంటే మంచి చేతిలో పడ్డారని అర్థం. ఆమె చనిపోయిన మర్నాడే సుత్తులు మోగితే రచయిత సులువైన దారి తొక్కాడన్నమాట.

శాసనాలు కూడా అబద్ధమాడతాయని ఈ సందర్భంలోనే గుర్తుంచుకోవాలి. మొదటి సెతి అబీదోస్ ఆలయంలో తనతో కలిపి 76 మంది రాజుల పేర్లు చెక్కించాడు. అందులో హత్‌షెప్సుత్ లేదు. అఖెనాతెన్, తూతన్‌ఖామున్, ఆయ్ లేరు. మూడో అమెన్‌హోతెప్ పక్కనే హోరెమ్‌హెబ్ ఉంటాడు. కాదెష్ యుద్ధంలో తానొక్కడే శత్రువులను చెండాడినట్టు రెండో రామ్సెస్ గోడగోడకూ చెక్కించుకున్నాడు. కానీ కాదెష్ పట్టణం శత్రువులైన హిట్టైట్ల చేతిలోనే ఉండిపోయింది. సుమారు పదిహేనేళ్లకు రెండు పక్షాలూ సంధి చేసుకున్నాయి. ‘శా’ అని రాసినచోట కూడా ఆ శాసనం ఎవరు చెక్కించారని అడగండి.

ఒక ఉత్తరం దగ్గర ఆగండి

ఏ రాజు నవల చదివినా, ఆ కాలపు అసలు పత్రం ఒక్కటైనా అనువాదంలో చదవండి. తూతన్‌ఖామున్ కాలానికైతే ఆ పత్రం ఏదో తడుముకోవాల్సిన పని లేదు. నేటి టర్కీలో ఉన్న హిట్టైట్ రాజధాని హత్తూసాలో దొరికిన మట్టి పలకల్లో, సుప్పిలులియుమా రాజు ఘనకార్యాలను అతని కొడుకు ముర్సిలి రాయించాడు. అందులో ఒక ఈజిప్టు రాణి పంపిన ఉత్తరం ఉంది. సారాంశం ఇది: నా భర్త చనిపోయాడు. నాకు కొడుకు లేడు. నీకు చాలామంది కొడుకులున్నారని అంటారు. ఒకణ్ని పంపితే అతను నాకు భర్త అవుతాడు. నా సేవకుల్లో ఒకణ్ని మాత్రం ఎన్నడూ భర్తగా చేసుకోను. నాకు భయంగా ఉంది.

హిట్టైట్ రాజు నమ్మలేకపోయాడు. తన జీవితంలో ఇలాంటిది ఎన్నడూ జరగలేదన్నాడు. నిజానిజాలు తేల్చుకు రమ్మని ఒక అధికారిని పంపాడు. రాణి కోపంతో తిరిగి రాసింది. నాకు కొడుకే ఉంటే నా అవమానాన్ని, నా దేశపు అవమానాన్ని పరాయి దేశానికి రాసుకుంటానా అని అడిగింది. చివరికి అతను జన్నంజా అనే కొడుకును పంపాడు. ఆ యువరాజు రాణిని చేరలేదు, చంపేశారన్న కబురు వచ్చింది. ప్రతీకారంగా జరిగిన దాడిలో పట్టుబడిన ఖైదీలతో పాటు హిట్టైట్ దేశంలోకి మహమ్మారి ప్రవేశించింది. అది ఏళ్ల తరబడి పీడించిందని ముర్సిలి తన ప్రార్థనల్లో మొరపెట్టుకున్నాడు.

ఈ సాహసం ఎంతటిదో తెలియాలంటే దీనికి కాస్త ముందు కాలపు మరో పలక చూడాలి. ఈజిప్టు రాకుమార్తెను తనకిచ్చి పెళ్లి చేయమని బాబిలోన్ రాజు అడిగితే, అనాదిగా ఈజిప్టు రాజు కూతురిని ఎవరికీ ఇవ్వలేదని మూడో అమెన్‌హోతెప్ కాదన్నాడు. అఖెనాతెన్ కొత్త రాజధాని ఉన్న అమర్నాలో 1887లో బయటపడిన మట్టి పలకల ఉత్తరాల్లో ఆ సంగతి ఉంది. అలాంటి వంశపు రాణి విదేశీ రాజు కొడుకును తానే అడుగుతోంది.

ఇప్పుడు ఖాళీ ఎక్కడుందో చూడండి. హిట్టైట్ పలకల్లో రాణి అసలు పేరు లేదు, ఈజిప్టు భాషలో రాజు భార్య అన్న బిరుదే పేరుగా నమోదైంది. చనిపోయిన ఫారో తూతన్‌ఖామున్ అయితే ఆమె అంఖెసెనామున్ అవుతుంది. ఎక్కువమంది మొగ్గు అటే. అఖెనాతెన్ అయితే నెఫెర్తితి కావచ్చు. వాళ్ల కూతురు మెరితాతెన్ పేరు చెప్పేవారూ ఉన్నారు. ఈజిప్టు వైపు ఆధారాలు ఈ వ్యవహారం మీద నోరు మెదపవు. ఆయ్, అంఖెసెనామున్ కార్టూష్‌లు పక్కపక్కన ఉన్న ఒక ఉంగరం దొరికింది. ఆ తర్వాత ఆమె చరిత్రలోంచి మాయమైపోతుంది. ఆయ్ సమాధి గోడల మీద ఉన్నది అతని పాత భార్య తెయ్.

మీ నవలలోని ఆ ఘట్టం తెరిచి, ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టుకుని చదవండి. ‘సేవకుడు’ ఎవరని రచయిత నిర్ణయించాడు? ఉత్తరం ఎవరి చేత రాయించాడు? రాణి భయాన్ని నమ్మాడా, ఆమెను టక్కరిగా చూపాడా? యువరాజును ఎవరు చంపించారు? వీటిలో ఒక్కదానికీ చరిత్ర జవాబు చెప్పదు. కాబట్టి ఇక్కడ రచయిత ఏం రాసినా తప్పు కాదు, కానీ బలహీనంగా రాస్తే సాకు లేదు. చిన్న వయసులోనే విధవరాలైన రాణి, పిల్లలు దక్కని తల్లి (భర్త సమాధిలో రెండు పిండాల మమ్మీలు దొరికాయి), దేశమంతటినీ ఎదిరించి శత్రువుకు ఉత్తరం రాస్తోంది. ఆ రాత్రిని పట్టుకోలేని నవల మిగతా విషయాల్లో ఎంత పరిశోధన చూపినా నాకు తృప్తినివ్వదు.

తిండి, బట్ట, బండి చూడండి

రచయిత శ్రద్ధ తేలిపోయేది చిన్న వస్తువుల్లోనే. కొత్త రాజ్యపు సంతలో నాణేలు గలగలలాడితే అనుమానించండి. అప్పట్లో వస్తుమార్పిడే, విలువను దెబెన్ అనే రాగి తూకంలో లెక్కించేవారు. ఒంటెల బారులు కనిపిస్తే ఇంకా అనుమానించండి. బరువులు మోసింది గాడిదలు, పడవలు. ఒంటెలు మామూలైంది చాలా చాలా తర్వాత. గుర్రాలు, రథాలు వచ్చింది కొత్త రాజ్యానికి ముందు ఉత్తర ఈజిప్టును ఏలిన విదేశీయులైన హైక్సోస్‌ల కాలం ప్రాంతంలో, కాబట్టి ఖుఫు రథమెక్కకూడదు. కట్టుబట్ట నార, పత్తి కాదు. తీపి తేనె, ఖర్జూరాలది. భోజనమంటే రొట్టె, బీరు, ఉల్లి, చేప. టమాటా, మొక్కజొన్న, మిరప అమెరికా ఖండాల పంటలు. ఇనుము అపురూపం. తూతన్‌ఖామున్ సమాధిలోని ఇనుప బాకు ఉల్కాశకలంతో చేసింది.

పిరమిడ్లను కొరడా దెబ్బల కింద బానిసలు కట్టారన్న దృశ్యం మాత్రం చిన్న పొరపాటు కాదు. గిజాలో పనివాళ్ల ఊరు, వాళ్ల సమాధులు బయటపడ్డాయి. రాజు పిరమిడ్ నీడలో గౌరవంగా పూడ్చిన సమాధులవి. మూడో రామ్సెస్ కాలంలో రాజ సమాధులు చెక్కే పనివాళ్లు కూలి ధాన్యం అందలేదని పని మానేసి ఆలయాల దగ్గర బైఠాయించారు. ఆ వివరం కూడా ఒక పాపిరస్‌లో ఉంది. ఇలాంటి మనుషులను వదిలేసి కొరడాలు, గొలుసులు చూపే నవల దేశాన్నే తప్పుగా చూపుతోంది.

అంతఃపురం, పెళ్లిళ్ల దగ్గర జాగ్రత్త

నవలల అట్టల మీద ఎక్కువగా అమ్ముడయ్యేది అంతఃపురమే. ఒట్టోమన్ సుల్తానుల జనానా బొమ్మను తెచ్చి ఫారోలకు తగిలించే అలవాటు చాలామందికి ఉంది. ఈజిప్టు రాణివాసాలకు సొంత భూములు, అధికారులు ఉండేవారు. ఫయ్యూమ్ దగ్గర గురోబ్‌లో ఉన్న రాణివాసంలో నేత పని పెద్ద ఎత్తున జరిగేది.

అన్నాచెల్లెళ్ల పెళ్లిళ్లు రాజకుటుంబంలో జరిగాయి, కానీ అందరు ఫారోలూ అలా చేసుకోలేదు. సింహాసనం రాకుమార్తె ద్వారానే సంక్రమిస్తుందని, అందుకే చెల్లెలిని చేసుకోక తప్పదని పాత నవలల్లో కనిపిస్తుంది. ఆ సిద్ధాంతాన్ని పండితులు ఎప్పుడో వదిలేశారు. మూడో అమెన్‌హోతెప్ పట్టపురాణి తియె రాజుల బిడ్డ కాదు. ఆమె తల్లిదండ్రులు యూయా, త్జూయాల పేర్లను రాజే పేడపురుగు ఆకారపు స్మారక రాళ్ల మీద చెక్కించి దేశదేశాలకూ పంపాడు. (పైన చెప్పిన కుట్ర తియె వేరు, ఈ తియె వేరు. మీ పట్టికలో ఇద్దరినీ వంశం నంబరుతో రాసుకోండి.)

రచయిత ఏ కాలంలో కూర్చుని రాశాడు?

నవల రెండు కాలాల గురించి మాట్లాడుతుంది. ఈజిప్టుకే చెందిన నగీబ్ మహఫూజ్ హైక్సోస్ పాలకులను థీబ్స్ రాజులు తరిమికొట్టిన కథను 1944లో నవలగా వెలువరించినప్పుడు కైరోలో బ్రిటిష్ సైన్యం ఉంది. అది తెలిసి చదివితే విదేశీ పాలకుడి ప్రతి మాటా రెండుగా వినిపిస్తుంది. ఫిన్లాండ్ రచయిత మికా వాల్టారి అఖెనాతెన్ కాలం మీద రాసిన నవల 1945లో, ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాదే వచ్చింది. ఆదర్శం మీద అందులో కనిపించే నిరాశకు మూలం అమర్నాలో మాత్రమే వెతికితే దొరకదు.

అఖెనాతెన్ ఈ పరీక్షకు ఎంత లొంగుతాడో మరే ఫారో లొంగడు. ఒకరికి ఏకేశ్వర ప్రవక్త, ఒకరికి శాంతి కాముకుడు, ఒకరికి పిచ్చివాడు. అతని కొత్త రాజధానిలో 2006 నుంచి సామాన్యుల శ్మశానాన్ని తవ్వారు. చిన్న వయసులో చావులు, పోషణ లేని ఎముకలు, బరువులు మోసి అరిగిన వెన్నుపూసలు బయటపడ్డాయి. సూర్యుడి వెలుగులో ముద్దాడుకునే రాజకుటుంబపు శిల్పాలతో పాటు ఆ ఎముకలను కూడా లెక్కలోకి తీసుకున్న నవలకు నా ఓటు.

క్లియోపాత్రా దగ్గర పద్ధతి మార్చండి

ఏడో క్లియోపాత్రాకు వచ్చేసరికి ఆధారాలు లేకపోవడం సమస్య కాదు, ఉన్నవి ఎక్కువగా ఆమె శత్రువుల పక్షానివి కావడమే సమస్య. క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర నౌకా యుద్ధంలో గెలిచిన రోమన్లు ఆమెను మాయలాడిగా ప్రచారం చేశారు. ఆమె గురించి ఎక్కువగా వాడే గ్రీకు రచయిత ప్లూటార్క్ రచన ఆమె మరణించిన వందేళ్లకు పైగా గడిచాక రాసింది. ఆయన కూడా ఆమె అందం సాటిలేనిదేమీ కాదని, మాటలోనే ఆకర్షణ ఉందని, ఆ వంశంలో ఈజిప్టు భాష నేర్చిన మొదటి పాలకురాలు ఆమేనని రాశాడు. సీజర్ దగ్గరికి తివాచీలో చుట్టుకుని వెళ్లిందన్న ప్రసిద్ధ దృశ్యం కూడా ప్లూటార్క్‌లో లేదు. ఆయన చెప్పింది పక్కబట్టల సంచి. ఈ నవలల్లో చూడాల్సింది ఒక్కటే: ఆమె రాజ్యం ఏలుతున్నట్టు కనిపిస్తోందా? ధాన్యం, పన్నులు, నౌకలు, తమ్ముళ్లతో చెల్లెలు అర్సినోయెతో సాగిన అధికార పోరు కథలో ఉంటే ఆమె రాణి. అవి లేకుండా ఇద్దరు రోమన్ల ప్రేయసిగానే మిగిలితే రోమన్ల ప్రచారాన్నే మళ్లీ చదువుతున్నట్టు.

కళ్లతో చూడండి, ఆపై రెండో నవల తెరవండి

చదువుతున్న నవల ఏ రాజుదో ఆ రాజు విగ్రహాల, సమాధి గోడల ఫోటోలు పెద్ద మ్యూజియంల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. నెఫెర్తితి ప్రతిమ బెర్లిన్‌లో ఉంది. 1912 డిసెంబర్‌లో తుత్‌మోసె అనే శిల్పి కార్ఖానా శిథిలాల్లో దొరికింది. ఆమె ఎడమ కంట్లో కనుపాప పొదగలేదు. ఆ కన్ను గురించి మీ రచయిత ఏమైనా అన్నాడేమో చూడండి. హైదరాబాదులో ఉన్నవారు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి వెళ్లండి, నిజాంల కాలంలో వచ్చిన ఈజిప్టు మమ్మీ అక్కడుంది. నవలలో డెబ్బై రోజుల శవ సంస్కారం చదివినవారికి ఆ గాజుపెట్టె ముందు కాసేపు నిలబడటం అవసరం.

ఆ తర్వాత అదే రాజు మీద వేరే రచయిత రాసిన నవల తీసుకోండి. కొత్త రాజు వద్దు, అదే రాజు. మహఫూజ్ 1985లో అఖెనాతెన్ మీద మళ్లీ రాసినప్పుడు ఈ పనిని ఒక్క పుస్తకంలోనే చేశాడు. ఆ రాజును ఎరిగినవాళ్లందరినీ ఒక యువకుడు కలిసి అడుగుతాడు, ఒక్కొక్కరూ ఒక్కో అఖెనాతెన్‌ను చెబుతారు. మీ పాత కాగితం మీద ‘శా’, ‘ఊ’, ‘క’ గుర్తుల పక్కన రెండో రచయితకు ఒక గడి కలపండి. ‘శా’ ఉన్న వరుసల్లో ఇద్దరూ దాదాపు ఒకటే చెబుతారు. ‘క’ ఉన్న వరుసలు ఒకదాని కింద ఒకటి పెట్టి చదవండి.